రొట్టె మీద కూర్చున్న పిల్ల

బిల్కా రొట్టె మీద కూర్చుంది. కామెన్‌దోల్ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

పదకొండో నెలలో పిల్ల తొలి అడుగులు వేయగానే అమ్మమ్మ స్టమేనా అందరి లాగే పండగ చేసింది. గుండ్రటి రొట్టె కాల్చి, ఇరుగుపొరుగును పిలిచి, తెల్లగుడ్డ పరిచి, దాని చివర కత్తెర, పుస్తకం, గరిటె, సుత్తి, అద్దం పేర్చి, వాటి వైపు రొట్టెను దొర్లించింది. పిల్ల దేన్ని పట్టుకుంటే పెద్దయ్యాక ఆ పనిలో కుదురుకుంటుందని లెక్క. ఆ ఊళ్ళో దర్జీ కొడుకు కత్తెర పట్టాడు, పంతులమ్మ పుస్తకం పట్టింది. బిల్కా మాత్రం దొర్లించిన రొట్టె దాకా తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి, దాని మీద చతికిలబడింది. కింద వేడిగా ఉందని కూడా లేవలేదు.

అప్పుడు అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఐదేళ్ళు గడిచాక ఆ నవ్వు కాస్తా తీర్పైపోయింది.

నెవేనాకు ఒళ్ళు మండేది అక్కడే. పాత పాలకేంద్రంలో రెండు గదులు అడిగి తీసుకుని, ఒక ఇనుప పొయ్యి, పద్దెనిమిది చిన్న కుర్చీలు, ఒక పెట్టెడు చెక్క అక్షరాలతో ఆవిడ ‘చిన్నగంట’ నడుపుతోంది. బడికి వెళ్ళబోయే పిల్లలూ, బడిలో వెనకబడ్డ పిల్లలూ అక్కడికి వస్తారు. గోడలకు ఇప్పటికీ పుల్లటి పెరుగు వాసనే. సాయానికి ఉన్నది పెపా ఒక్కతే. వంట ఆవిడదే, తుమ్మితే ముక్కులు తుడవడమూ ఆవిడదే.

బిల్కా వచ్చి ఐదు నెలలైంది. పెన్సిల్‌ను గరిటె పట్టినట్టు పట్టుకుంటుంది. నిన్న చూపించిన అక్షరం ఈ రోజు కొత్త చుట్టంలా కనిపిస్తుంది. నోరు విప్పించి రెండు మాటలు కలిపి చెప్పించాలంటే నెవేనా తాతలు దిగిరావాలి. సెప్టెంబరు పదిహేనున బడి గంట కొడతారు, చేతిలో ఉన్నది ఐదు నెలలే.

సరిగ్గా అప్పుడే, ఏప్రిల్లో ఒక శుక్రవారం, స్టమేనా గుమ్మంలో నిలబడి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"ఇక చాల్లే నెవేనా. సోమవారం నుంచి దీన్ని పంపను."

"అదేంటి పిన్నీ, ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది!"

"ఏ దారిలో? నిన్న తిన్నది ఇవాళ గుర్తుండదు దీనికి. అక్షరాల మనిషి కాదమ్మా ఇది. ఆ రోజే తేలిపోయింది."

"రొట్టె మీద కూర్చుంటే ఏం తేలుతుంది?"

"ఇంట్లో కూర్చుంటుందని తేలుతుంది. దాని అమ్మానాన్నలు పొద్దున్నే బస్సెక్కి కుట్టు ఫ్యాక్టరీకి పోతారు. నాతో పాటు మేకల్ని చూసుకుంటుంది. ఊరికే దాన్ని చంపుకు తినడం ఎందుకు?"

స్టమేనా చెడ్డమనిషి కాదు. మనవరాలు నలుగురిలో తలదించుకోవడం చూడలేక అంటున్న మాటలవి. కానీ బల్ల దగ్గర కూర్చున్న బిల్కా అన్నీ వింటూనే ఉంది. విని, చేతిలోని పెన్సిల్‌ను చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టేసింది. అది నెవేనా చూసింది. ఇలాంటప్పుడు ఆవిడ నోరు బుర్ర కంటే ముందు పరిగెడుతుంది.

"అయితే మళ్ళీ నడిపిద్దాం!"

"ఆరేళ్ళ గాడిదకి తొలి అడుగులా?"

"ఆ రోజు నడక పూర్తి కాలేదుగా పిన్నీ. మధ్యలో కూర్చుంది. అది లెక్కలోకి రాదు."

స్టమేనా ఆలోచనలో పడింది. ఆచారంలో ఇలాంటి లొసుగు ఉందని ఎవరూ ఆవిడకు చెప్పలేదు.

"మళ్ళీ ఏమీ పట్టుకోకపోతే?"

"మీ మాటే నా మాట. ఇక పంపమని అడగను."

రేపే పెట్టుకుందామని ఒప్పుకుని ఆవిడ వెళ్ళగానే పెపా తలపట్టుకుంది. "ఏం పనమ్మా ఇది? ఆ పిల్ల గుడ్డ మీద నిద్రపోయినా పోతుంది!"

"అందుకే మనం కొంచెం సాయం చెయ్యాలి."

"దొంగాట ఆడదామంటావ్."

"సాయం అన్నాను."

శనివారం పొద్దున్నే వచ్చి ఆ సాయం చేశారు. గుడ్డ చివర ఏడు పుస్తకాలు, వాటి ముందు ఎర్రదారం చుట్టిన ఒక పెన్సిల్. ఎటు తూలిపడినా చదువు మీదే పడేట్టు. కానీ గుట్టు దాచడంలో పెపాకు అంత పేరు లేదు. పది గంటలకల్లా ఊరు ఊరంతా పాలకేంద్రంలో ఉంది, అదీ ఉత్తచేతులతో కాదు.

మెకానిక్ వెల్కో రెంచి తెచ్చాడు. "నా తర్వాత ట్రాక్టర్లు ఎవరు చూస్తారు? పెట్టండి!" అన్నాడు. జడలు వేసే గింకా దువ్వెన తెచ్చింది. తేనెటీగల తోషో పొగపెట్టే డబ్బా తెచ్చాడు. ఒకరు గంట, ఒకరు కుట్టుమిషన్ చక్రం, ఒకరు పాల కొలత. సారాకొట్టు ఆయన గ్లాసు తెస్తే స్టమేనా ఆయన్నీ గ్లాసునూ కలిపి బయటికి నెట్టింది. తర్వాత గుడ్డ వైపు తిరిగింది.

"ఇది పండగా, పుస్తకాల కొట్టా?"

ఏడు పుస్తకాలూ బీరువాలోకి వెళ్ళిపోయాయి. వాటి చోట స్టమేనా తన గరిటె పెట్టింది. పంతానికి పెపా కూడా తన గరిటె పెట్టింది. అవి రెండూ ఒకే సంతలో కొన్న అల్యూమినియం గరిటెలు. మొత్తం తొమ్మిది వస్తువులు తేలాయి. నెవేనాకు మిగిలింది ఎర్రదారం పెన్సిల్ ఒక్కటే.

స్టమేనా రొట్టె దొర్లించింది. నీలం బూట్ల బిల్కా దాని వైపు నడిచింది. ఊరు ఊపిరి బిగబట్టింది. పిల్ల రొట్టెను దాటి వెళ్ళింది.

"హమ్మయ్య!" అంది గింకా.

బిల్కా వస్తువుల ముందు నిలబడి అన్నింటినీ తీరిగ్గా చూసింది. పెన్సిల్ మీద చూపు ఆగింది. నెవేనా మనసులో తెలిసిన సెయింట్లందరినీ వరసపెట్టి పిలిచింది. పిల్ల వంగి రెంచి తీసింది.

"నా తల్లే!" అని వెల్కో ఎగిరి గంతేశాడు.

బిల్కా నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి రెంచి చేతిలో పెట్టింది. "ఇది వెల్కో మామది."

"నీకేనమ్మా, ఉంచుకో."

"కాదు. నీది."

వెనక్కి వెళ్ళి దువ్వెన తీసింది. "గింకా అత్తది." గింకా చేతిలో పెట్టింది. పొగడబ్బా తీసుకుని, జనం కాళ్ళ మధ్య నుంచి దూరి, తలుపు వెనక ఉన్న తోషోను వెతికి పట్టుకుంది. గంట, చక్రం, పాల కొలత. ఎవరూ నవ్వడం లేదిప్పుడు. రెండు గరిటెల దగ్గర మాత్రం కాస్త ఆగింది. రెండింటినీ తిప్పి చూసింది.

"పిడి కాలినది అమ్మమ్మది. ఇది పెపాది."

ఆఖరున పెన్సిల్ తెచ్చి నెవేనా అరచేతిలో పెట్టింది. "నీది."

ఐదు నెలల్లో ఆ పిల్ల నోటి నుంచి వినని మాటలు ఐదు నిమిషాల్లో వింది నెవేనా. అయినా ఏం లాభం? గుడ్డ ఖాళీ. పిల్ల చేతులు ఖాళీ.

"మాటంటే మాటే పిన్నీ," అంది. "ఏమీ పట్టుకోలేదు."

స్టమేనా తన గరిటె పిడినే చూస్తోంది.

"ఏది ఎవరిదో నీకెవరు చెప్పారే?"

"చూశాను," అంది బిల్కా.

"ఏమీ పట్టుకోలేదా?" స్టమేనా నెవేనా మీద విరుచుకుపడింది. "కళ్ళు పోయాయా నీకు? తొమ్మిదీ పట్టుకుంది! ఒక్కటన్నా తప్పు ఇంటికి పోయిందా? మన పోస్టుమాన్ పోయిన నెల నా ఉత్తరం తోషోకి ఇచ్చి చక్కాపోయాడు!"

"అంటే పోస్టుమాన్ అవుతుందా?" అన్నాడు వెల్కో కాస్త చిన్నబుచ్చుకుని.

"ఏమైనా అవుతుంది, నీకెందుకు? కానీ ఉత్తరం మీద పేరు చదవొద్దూ? నెవేనా, సోమవారం ఎన్నింటికి తీసుకురాను?"

నెవేనాకు ఏడుపొచ్చింది. దాచుకోకుండా అందరి ముందే ఏడ్చేసింది. పెపా ఎప్పట్లాగే ముక్కు తుడిచింది.

ఆదివారమంతా ఆవిడ తనను తాను తిట్టుకుంది. ఐదు నెలలుగా ఆ పిల్లకు దిక్కూ మొక్కూ లేని అక్షరాలు చూపించింది. ఎవరివో తెలియని వాటిని బిల్కా ఎందుకు గుర్తుపెట్టుకోవాలి?

సోమవారం చెక్క అక్షరం ఒకటి తీసి పిల్ల చేతిలో పెట్టింది. "ఇది మీ అమ్మమ్మది. ఆవిడ పేరు దీంతోనే మొదలవుతుంది."

బిల్కా దాన్ని అటూ ఇటూ తిప్పింది. వంపును వేలితో తడిమింది. తర్వాత కుర్చీ దిగి బయటికి నడిచింది. స్టమేనా వాకిట్లో బెంచీ మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆ పని ఇంట్లో కుదరదని ఇక్కడికి తెచ్చుకుందట.

"ఇది నీది."

స్టమేనా దాన్ని చాలాసేపు చూసి ఆప్రాన్ జేబులో వేసుకుంది. "మరి నీదేదే?"

బిల్కా పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చింది.

"నాదేది?"

ఐదు నెలల్లో ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న అది. నెవేనా గబగబా పెట్టెలో చెయ్యి పెట్టింది. కంగారులో ఆ ఒక్క అక్షరం తప్ప మిగిలినవన్నీ తగిలాయి. పెట్టె మొత్తం నేల మీద బోర్లించి, మోకాళ్ళ మీద కూర్చుని వెతకసాగింది. బిల్కా చెయ్యి చాపి ఎదురుగా నిలబడింది, దొరికేదాకా కదిలేట్టు లేదు.