అంకయ్యగారి ఫోను

కొల్లేరు చేపల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గగానే, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేసుకోమని రైతులకు ఫోన్ వెళ్లాలి. ఏలూరులో బుచ్చిబాబుగారి ఆఫీసు చేసే పని అదే. అక్కడి సర్వర్ నా బాధ్యత. చెరువుల కొలతలు, కెమెరా బొమ్మలు, ఫోన్లు అన్నీ ఒక్క పాత నెట్‌వర్క్ కార్డు గుండానే పోవాలి. మబ్బు పట్టిన రోజున చివరి ఫోన్లు వెళ్లేసరికి చేపలు తేలిపోయేవి. ఈ ఏడు నష్టాలు మరీ పెరిగాయి. అందరం కార్డునే తిట్టాం. మొత్తుకోగా మొత్తుకోగా కొత్తది కొన్నారు.

నేనే బిగించాను. ఆ వారమంతా మబ్బే. తెల్లవారుజామున ఫోన్లన్నీ ఒక్కసారే వెళ్లాయి. అయినా చేపలు చచ్చాయి.

"కార్డు మార్చి ఏం లాభమండీ, ప్రసన్నగారూ?" అన్నారు బుచ్చిబాబుగారు. నాకు ఒళ్లు మండింది. భీమడోలు వెళ్లి, చేపలు పోయిన ఏడుకొండలుగారినే నిలదీశాను.

"ఫోన్ రాలేదాండీ?"

"వచ్చిందండీ. ఎత్తాను కూడాను. 'నేను అంకయ్యనండీ, చెరువులో గాలి తగ్గింది, ఏరేటర్లు వేసెయ్యండి' అన్నారు. వెంటనే ఫోన్ పెట్టేశానండీ. పోయినవాళ్లు పిలిస్తే పలక్కూడదు కదండీ."

అంకయ్యగారు చెరువుల కాపలాదారు. ఆయన చెబితే రైతులు ఎంత నిద్రలో ఉన్నా లేస్తారని ఆయన గొంతే రికార్డు చేయించాం. ఈ వేసవిలో గుండెపోటుతో పోయారు. దినానికి కూడా వెళ్లొచ్చాను. సర్వర్‌లో ఆ గొంతు ఇంకా మాట్లాడుతోందన్న ఆలోచన మాకెవరికీ తట్టలేదు.

గొంతు మార్చడం నాకు చిటికెలో పని. కానీ ఆయన ఫోను భార్య కాంతంగారి దగ్గర ఉంది. ఆ నంబరుకీ కాల్ వెళుతోంది. చెప్పకుండా తీసెయ్యడానికి మనసొప్పలేదు. వాళ్ల ఊరు వెళ్లాను. ఆవిడ వాకిట్లో బూడిదతో చేపలు తోముతున్నారు. నేను చెప్పిందంతా తలవంచుకుని విన్నారు.

"ఇదివరకు ఫోను తెల్లారిపోయాక వచ్చేదమ్మా. నేను ఫోను ఇంట్లోనే వదిలేసి, చెరువులో మేతెయ్యడానికి వెళ్లిపోయేదాన్ని. ఈ వారం చీకటుండగానే పిలుస్తున్నారు. పూర్తిగా వింటున్నాను."

కొత్త కార్డు బిగించి ఆ ఫోను వేళకి వెళ్లేలా చేసింది నేనే. నాకు ఏడుపు ఆగలేదు.

"మార్చెయ్యండమ్మా," అన్నారావిడ. "చేపలు చావకూడదనే కదా ఆయన చెప్పింది. నా గొంతు పెట్టుకోండి. బతికున్నదాన్ని, నేను పిలిస్తే పలుకుతారు."

చేతులు కడుక్కుని వచ్చి, నా ఫోన్‌లో అవే మాటలు చెప్పారు. 'అంకయ్యగారి కాంతాన్నండీ' అన్నప్పుడు మాత్రం గొంతు జీరబోయింది. రెండోసారి చెప్పించడం నాకు చేతకాలేదు.

"ఆయన గొంతు మీ ఫోన్‌లో వేసిస్తానండీ," అన్నాను లేస్తూ. "ఎప్పుడు కావాలంటే అప్పుడు నొక్కి వినొచ్చు."

కాంతంగారు తల అడ్డంగా ఊపారు.

"వద్దమ్మా. నేను నొక్కితే వచ్చేది ఆయన పిలవడం కాదు కదా."