అరువు ఊపిరి

పెదవుల మధ్య మేకులు బిగబట్టుకుని బాకా బాబాయ్ పెట్టె మూత కొడుతున్నాడు. వంటగది గట్లకు వేసే రాతి పలకలను షెడ్డులో కోసి, అరగదీసి, నునుపు పట్టించి బయటికి తోస్తారు. వాటి మధ్య అట్టలు దూర్చి, చెక్కపెట్టెల్లో బిగించి, లారీ ఎక్కేదాకా చూసుకోవడం ఆయన పని. ఎంత పెద్ద పెట్టయినా మేకుకు రెండే దెబ్బలు. అలాంటిది ఇవాళ పొద్దుటి నుంచీ మేకులన్నీ వంకర పోతున్నాయి. ఒకటి పీకి, ఇంకోటి పెట్టి, దాన్ని కూడా వంచేసి, సుత్తిని తిట్టుకున్నాడు. పాపం, సుత్తి ఏం చేసింది?

మనిషి పొట్టి. ఛాతీ మాత్రం పీపా. చొక్కా పై గుండీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. అది షోకు కాదు, పట్టవు. వయసులో ఉండగా బ్యాండు మేళంలో బాకా ఊదేవాడు. మేళం చెదిరిపోయింది, బాకా ఎవరి చేతుల్లోకో పోయింది, పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. భార్య పోయాక కూతురు, అల్లుడితో కలిసి ఉంటున్నాడు. పనికి రావడం, ఇంటికెళ్లి ఇంత తినడం, గోడవైపు తిరిగి పడుకోవడం. ఆయన గురించి చెప్పమంటే ఎవరైనా ఇంతకు మించి చెప్పలేరు, ఒక్క సంగతి తప్ప. ఆ సంగతి ఏడాదికోసారి, డాక్టరు వచ్చే రోజున అవసరపడుతుంది.

ఇవాళ ఆ రోజే. షెడ్డులో నీళ్లు వదిలారు. రంపం కింద నీళ్లు పడితే పొడి లేవదు, కానీ నేలంతా బురదై పని నత్తనడక నడుస్తుందని సూపర్‌వైజర్ మామూలు రోజుల్లో గొట్టాలు కట్టేయిస్తాడు. డాక్టరు కారు గేటు దాటిందంటే చాలు, ప్రతి రంపం మీదా ధారలే. "రంపాలకు తలంటు పోస్తున్నారు రోయ్!" అని లోపల ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల వెనకే దగ్గులు కూడా లేచాయి.

భోజనాల గదిలో ఒక తెర కట్టి ఊపిరి పరీక్ష పెడతారు. అట్టగొట్టం నోట్లో పెట్టుకుని ఛాతీలో ఉన్నదంతా ఒక్క ఊపున ఊదెయ్యాలి. ఊదలేనివాణ్ని పనికిరాడని ఆ పూటే ఇంటికి పంపిస్తారు. షెడ్డు వాళ్లందరివీ ఒకే రకం కోట్లు, వీపు మీద నంబర్లు. తలకు టోపీ, ముక్కుకు గుడ్డ, కనుబొమ్మల దాకా తెల్లటి పొడి. కన్నతల్లి వచ్చి నిలబడినా తన కొడుకెవడో పోల్చుకోలేదు. ఇక నర్సమ్మేం పోల్చుకుంటుంది? ఆవిడ నంబరు చూస్తుంది, గొట్టం ఇస్తుంది, వచ్చిన అంకె కంప్యూటరులో కొడుతుంది. అందుకని ఎవరి ఛాతీ పని చెయ్యకపోతే వాళ్లు తమ కోటు బాకా బాబాయ్‌కి ఇస్తారు. ఆయన ఆరుబయట పని చేసేవాడు. పొడి ఆయన దాకా రాదు. కోటు తొడుక్కుని, మొహాన ఇంత పొడి పూసుకుని, వెళ్లి ఊదేసి వస్తాడు. ఎవరినీ కాదనలేదు ఎప్పుడూ. ఇంతమంది తన వల్ల పనిలో ఉన్నారని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

అల్లుడికి కూడా కిందటేడూ అంతకు ముందూ ఆయనే ఊదాడు.

ఇవాళ పొద్దున కూతురు గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్నా, ఈసారి ఆయనకు ఊదకు."

"అదేంటమ్మా?"

"రాత్రంతా కూర్చునే నిద్రపోతున్నారు. బయట ఎక్స్‌రే తీయించాను. ఛాతీ నిండా రాతిపొడేనంట. కానీ బయటివాళ్ల మాట చెల్లదంట, కంపెనీ డాక్టరే రాయాలంట. షెడ్డు దుమ్ము వల్లే జబ్బని ఆయన రాస్తే, పెద్దాసుపత్రి వైద్యమంతా కంపెనీదే. నువ్వు ఊదేస్తే జబ్బే లేదంటారు. ఊదనని నాకు మాటివ్వు నాన్నా."

ఇచ్చాడు. మేకులు వంకర పోవడానికి అదీ కారణం.

పదింటి టీ అయ్యాక అల్లుడు పెట్టెల దగ్గరికి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. నడిచొచ్చి, పెట్టె మీద చెయ్యి ఆన్చి, ఊపిరి అందేదాకా పెట్టెను మెచ్చుకుంటున్నట్టు నిలబడ్డాడు. తర్వాత కోటు విప్పి చాపాడు.

"మామయ్యా, ఇదిగో."

బాబాయ్ నోట్లోంచి మేకులు తీసి జేబులో వేసుకున్నాడు. "నువ్వే ఊదు."

"తను చెప్పిందా?"

"ఎవరు చెబితే ఏంలే. నువ్వే ఊదు అల్లుడూ. జబ్బుందని తెలిస్తేనే కదా వాళ్లు చూసేది."

"చూస్తారంటావా?"

"చూడక ఏం చేస్తారు? రూలుంది కదా!"

అల్లుడు కోటు మళ్లీ తొడుక్కున్నాడు. ఎదురు చెప్పలేదు, అలగలేదు. ఆ మెతకదనమే బాబాయ్‌కి ఎక్కువ బాధనిపించింది. తిట్టినా బాగుండేది.

వరస మొదలయ్యాక ముందుగా వేరేవాళ్ల కోట్లతో రెండుసార్లు లోపలికెళ్లి ఊదొచ్చాడు. రెండోసారి నర్సమ్మ ఆయన పొట్ట దగ్గర ఊడబోతున్న గుండీ చూసింది. "ఈ నంబరు కిందటేడు సన్నగా ఉండేవాడే! ఇంట్లో బాగా పెడుతున్నారేం?" అంది. మధ్యాహ్నానికల్లా ముగించాలని ఆవిడకు పైనుంచి చెప్పారు. అంతకు మించి అడగలేదు.

అల్లుడి నంబరు పిలిచారు. బాబాయ్ తెర పక్కన నిలబడ్డాడు. లోపల ఒకసారి ఊదిన చప్పుడు, వెంటనే దగ్గు. "ఇంకోసారి" అంది నర్సమ్మ. మళ్లీ ఊదాడు. ఈసారి దగ్గు ఆగలేదు. బాబాయ్ తెలియకుండానే తన ఛాతీ నిండా గాలి పీల్చి పట్టుకున్నాడు, తను పీలిస్తే అతను ఊదగలడన్నట్టు. నర్సమ్మ కుర్చీ జరిపి డాక్టరును పిలిచింది. బాబాయ్ కూడా తెర తొలగించుకుని లోపలికి వెళ్లాడు.

డాక్టరు చెడ్డవాడేం కాదు. నెమ్మదిగా మాట్లాడతాడు, గట్టిగా కసురుకోడు. ఆయన ఆసుపత్రిలో కొత్త అంతస్తు కట్టించింది మాత్రం ఈ ఫ్యాక్టరీ యజమానే. అల్లుడి వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. తర్వాత కంప్యూటరు తెర చూసి, కళ్లజోడు సర్దుకుని, మళ్లీ చూశాడు. ఆయన మొహం తేటపడింది.

"కిందటేడు గుర్రంలా ఊదావే! అంతకు ముందూ అంతే. రాతిదుమ్ము జబ్బయితే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దిగజారుతుందయ్యా, ఇలా ఒక్క ఏడాదిలో కూలిపోదు. ఇది షెడ్డు వల్ల కాదు. బయటిదేదో పట్టింది. పొగ తాగుతావా?"

"లేదు సార్."

"చిన్నప్పుడు ఆయాసముండేదా? ఉండే ఉంటుంది. ఇంటి దగ్గర చూపించుకో."

బాబాయ్ కంప్యూటరు తెర వైపు చూశాడు. ఆ అంకెలు తనవి. తన ఛాతీలోంచి వచ్చినవి. ప్రేమకొద్దీ చేసిన పని అల్లుడి పీకకు ఉరై చుట్టుకుంది. ఇంత దద్దమ్మగా నేనెందుకు పుట్టానురా దేవుడా అనుకున్నాడు.

"అది ఇతను ఊదింది కాదు డాక్టరుగారూ" అన్నాడు. "కిందటేడు నేను ఊదాను. ముందేడు కూడా నేనే. ఇతని కోటు నేనేసుకున్నాను."

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నర్సమ్మ తల దించేసుకుంది.

"ఇతనొక్కడికేనా, ఇంకెవరికైనా కూడా ఊదావా?"

బాబాయ్ చూపు కిందికి దించాడు. తెర నేలకు ఆనదు. దాని కింద వరసలో నిలబడ్డవాళ్ల బూట్లు కనిపిస్తున్నాయి, బురద అంటి తెల్లగా. అంతసేపూ గుసగుసలాడుతున్న వరస మాట మానేసింది.

"నువ్వు చెప్పేది నేను రాయాలంటే అందరినీ నా ముందు మళ్లీ ఊదించాలి" అన్నాడు డాక్టరు, అదే నెమ్మదితో. "ఊదలేనివాళ్లందరూ ఈ పూటే ఇంటికి. మోసం చేశారు కాబట్టి ఎవరికీ వైద్యమూ ఉండదు. లేదంటే నువ్వు ఈ మాట అనలేదు, నేను వినలేదు. చెప్పు, ఏది రాయను?"

బాబాయ్ నోరు తెరిచాడు. కూతురి మొహం కనిపించింది. బూట్లు కనిపించాయి. ఎటు మాట్లాడినా ఎవరో ఒకరి కడుపు కొట్టినట్టే.

"ఆయన మాట పట్టించుకోకండి సార్." అల్లుడు కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగాడు. "మామయ్యకు నేనంటే... ప్రాణం. నన్ను పంపించేస్తారని అలా అంటున్నాడు. కిందటేడు... నేనే ఊదాను."

"ముందేడు?"

"నేనే సార్."

డాక్టరు కళ్లజోడు పెట్టుకుని టకటకా కొట్టాడు. పనికి తగడు. దుమ్ముతో సంబంధం లేదు. కొట్టి, చేతులు దులుపుకుని, టీ తెమ్మన్నాడు.

పక్క గేటు దగ్గర కాపలావాడు అల్లుడి కోటు తీసేసుకున్నాడు. మళ్లీ లోపలికి వెళ్లనివ్వలేదు. బాబాయ్ అంతదాకా వెంట వెళ్లాడు. అల్లుడే ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"తనకు నేనే చెప్తాను మామయ్యా. నువ్వు ముందు నోరు జారకు. నువ్వు మాట నిలబెట్టుకున్నావనే చెప్తాలే."

అల్లుడు రోడ్డు వెంట నడిచాడు. కరెంటు స్తంభం దగ్గర ఆగి, దాన్ని పట్టుకుని నిలబడి, మళ్లీ నడిచాడు. తర్వాతి స్తంభం దగ్గర కూడా ఆగాడు. లారీ ఒకటి అడ్డమొచ్చింది. అది వెళ్లాక రోడ్డు ఖాళీగా ఉంది.

బాబాయ్ తిరిగి వచ్చేసరికి వరస అక్కడే ఉంది. ముందున్న పొడుగాయన, అరగదీసే మిషను మనిషి, అలవాటు కొద్దీ కోటు విప్పి చాపాడు. బాబాయ్ తీసుకున్నాడు. ఒక చెయ్యి కూడా దూర్చాడు. తర్వాత ఆ చెయ్యి బయటికి తీసి, కోటును పొడుగాయన భుజాల మీద కప్పి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు గుండీలు ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాడు.

"ఏంటి బాబాయ్? నన్ను కూడా పంపించేస్తారు. పిల్లలున్నారు నాకు."

"తెలుసురా. రేపు నువ్వు పడిపోతే నా ఊపిరే నీ మీద సాక్ష్యం చెబుతుంది. నావల్ల కాదు. ఇంక ఎవరికీ ఊదను."

"దుర్మార్గుడివి బాబాయ్ నువ్వు" అన్నాడు పొడుగాయన. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అవును" అన్నాడు బాబాయ్.

లోపల నంబరు పిలిచారు. ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచారు. పొడుగాయన ముక్కు గుడ్డ కిందికి లాగి, టోపీ తీసి, మొహం అరచేత్తో గట్టిగా తుడుచుకున్నాడు. పొడి కింద నుంచి అతని మొహం కనిపించింది. అలాగే లోపలికి వెళ్లాడు. ఊదిన చప్పుడు, ఆ వెంటనే దగ్గు. వరసలో తర్వాతివాడు బాబాయ్ వైపు చూడకుండా తన టోపీ తీశాడు. వాడి వెనకాయన మాత్రం నేలకేసి చూస్తూ అలాగే నిలబడ్డాడు. బాబాయ్ వెళ్లి పెట్టెల దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరు వెళ్లారో, ఎవరు ఆగిపోయారో చూడలేదు.

సైరన్ మోగాక చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్లాడు. రోజూ అల్లుడు అక్కడే మెడా చెవులూ తోముకుని, ఒంటి మీద తెలుపు ఆనవాలు లేకుండా కడుక్కుని, నున్నగా తల దువ్వుకుని గానీ ఇంటికి బయల్దేరడు. పెళ్లాం ఆ పొడి చూడకూడదని అతని పట్టుదల. ఇవాళ పొడితోనే వెళ్లిపోయాడు. బాబాయ్ కుళాయి తిప్పాడు, నీళ్లు చేతుల మీద పడుతున్నాయి, కడుక్కోవడం మర్చిపోయాడు. ఎదురుగా కిటికీ చువ్వల సందులో అల్లుడి దువ్వెన గుచ్చి ఉంది, పళ్ల మధ్య ఒక నల్లటి వెంట్రుకతో.