రామక్క కుడి పాదం

ధర్మవరంలో రామక్క పొద్దున తొమ్మిదికల్లా వంట ముగించి మగ్గం గుంతలోకి కాళ్లు దించుతుంది. నడుము దాకా ఇంట్లోనే ఉంటుంది. పాదాలు మాత్రం ఇటలీలో లుక్కా అనే పాత ఊళ్లో నడుస్తాయి. ఇక్కడ మగ్గం కింది కాలి కట్టె మీద ఒక తొక్కు, అక్కడ ఒక అడుగు. అదీ ఒకప్పుడు పట్టు నేసిన ఊరేనట. హిందూపురం రైల్లో వందసార్లు పోయింది గానీ, దారిలో ఉన్న పెనుకొండ కోట మాత్రం ఆమె ఎక్కలేదు. దగ్గరున్నవి చూడటానికి మనకెప్పుడు తీరిక దొరికింది గనక!

పాదాలకు కళ్లుండవు. అందుకని కోడలు వాణి ఫోన్లో మ్యాపు పట్టుకుని పక్కన కూర్చుంటుంది.

"ఏం తగులుతాంది అత్తా?"

"నున్నటి బండలు. తడిగా ఉండాయి."

"అయితే చర్చి ముందర ఉండావు. ఎడమకి తిరుగు."

తిరగాలంటే ఎడమ కట్టె రెండుసార్లు తొక్కాలి. అందుకే ఆమె చీరల్లో అక్కడక్కడా పోగు తేడా వస్తుంది. దుకాణాలవాళ్లు కొన్నాళ్లు గొణిగి ఊరుకున్నారు.

ఆరు నెలల కిందట ఆ వీధుల్లోనే గాజుపెంకు గుచ్చుకుంది. షుగరు మనిషి. పుండు మానక నల్లబడింది. వచ్చే సోమవారం కుడి పాదం తీసేయాలని హిందూపురంలో డాక్టరు చెప్పాడు.

"చెప్పులేసుకోని దిగమంటే విన్యావా?" అన్నాడు మొగుడు పెద్దప్ప.

"మగ్గం కాడ చెప్పులా? నీకేమన్నా పిచ్చా?"

"పాదం పోతే నేసేదెట్ల మరి?"



ఆదివారం రామక్క మొండికేసి కూర్చుంది. ఆ ఊళ్లో నెత్తిన చెట్లు పెరిగిన బురుజు ఒకటుంది. పాదం ఉండగానే అది ఎక్కాలి.

"ఆడింకా తెల్లారలేదత్తా, తలుపేసుంటారు."

"తెరిచే ఉండాది."

పోగును అటూ ఇటూ లాగే నాడె వేగం పెరిగింది. వాణి మెట్లు లెక్కపెడుతోంది. నూరు దాటాక రామక్క గొంతు తగ్గించి అంది:

"మెట్లు వెచ్చగా ఉండాయే. ఎవరో నా ముందర వట్టికాళ్లతో ఎక్కుతాండారు."

వాణి లెక్క తప్పింది.

"పైకొచ్చినా. మట్టి, చెట్ల వేర్లు... ఆ మనిషి నా కుడి పాదానికి పాదం ఆనించి నిలబడినాడు."

మధ్యాహ్నం కాళ్లు పైకి తీసింది. ఎడమ పాదం మట్టితో వచ్చింది. కుడికాలు చీలమండ దగ్గరే ఆగిపోయింది. నెత్తురు లేదు. చర్మం నున్నగా మూసుకుని ఉంది. పెద్దప్ప టార్చి వేసి గుంతంతా వెతికాడు. ఏమీ లేదు.

సోమవారం డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరు చేసినారమ్మా? శుభ్రంగా చేసినారు," అని ఇంటికి పంపేశాడు.

మంగళవారం రామక్క మళ్లీ గుంతలోకి కాళ్లు దించింది. కుడికాలు అందకముందే కుడి కట్టె దానంతటదే దిగింది.

"నడుస్తాందా అత్తా?"

"నడుస్తాంది. నొప్పే లేదు."

సాయంత్రానికి జానెడు చీర నేసింది. అయితే మధ్యలో అన్నానికి లేచినప్పుడు కుడి కట్టె ఆగలేదు. ఎవరూ లేని గుంతలో దానితో పాటు, ఇంకెవరి కాలో తొక్కుతున్నట్టు, ఎడమ కట్టె కూడా దిగుతూ లేస్తూ ఉంది. పెద్దప్ప కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

అడ్డంగా పేక పోగు పడకపోతే నిలువు పోగులు చిక్కుపడతాయని రామక్క గబగబా చెయ్యి కడుక్కుంది.