మామిడి కొత్తకి ముందు ఆదివారం

రావికమతం దాటాక, అడవి మొదలయ్యే చోట కాసులమ్మ పాక హోటలుంది. ఆదివారమొస్తే అనకాపల్లి నుంచి కొండెక్కే జట్టు కార్లలో దిగుతుంది. టీ తాగి, ఏం వండాలో చెప్పి ఎక్కుతారు. మధ్యాహ్నం కొండ మీంచి పారే గెడ్డలో కాళ్లు కడుక్కుని, ఆకలితో నకనకలాడుతూ దిగుతారు. మిగతా వారమంతా పాకలో ఈగలు తోలుకోవడమే. ఆ జట్టు రాకపోతే హోటల్ మూసి మళ్లీ కొండపొలంలో నడుం వంచాలి. కాసులమ్మకి ఆ భయం ఎప్పుడూ ఉంది.

జట్టుకి పెద్ద ఫణీంద్ర, బెల్లం వర్తకుడు. మంచివాడే, కాకపోతే కొట్లో తన మాట చెల్లించుకోవడం అలవాటైన మనిషి. ఆ ఆదివారం సంచీడు పచ్చిమామిడికాయలు తెచ్చి కోడికూరలో వెయ్యమన్నాడు. కాసులమ్మ వల్లకాదంది. వాళ్ల ఊళ్లో మామిడి కొత్త పండగ ఇంకా కాలేదు. కొండదేవతకి తొలికాయ పెట్టి, ఊరంతా కలిసి కొత్త తినేదాకా అక్కడ ఎవరి పొయ్యి మీదా మామిడి ఉడకదు. ఇవి మీ కొండ కాయలు కావు, బజారులో కొన్నవి కదా అని ఫణీంద్ర వాదించాడు. కాయ ఎక్కడిదైతేనేం, పొయ్యి మాదే కదా అందామె. అయితే వచ్చేవారం నుంచి రోడ్డు మీది ధాబాకే పోతామని అతను ముఖం ముడుచుకుని, సంచీ అక్కడే పడేసి కొండెక్కాడు.

ఆ మాటకి ఆమె మొగుడు కొండన్నకి గుండె జారింది. భార్య నీళ్లకి గెడ్డకి వెళ్లగానే నాలుగు కాయలు తరిగి కూరలో వేసేశాడు. బిందెతో తిరిగొచ్చిన కాసులమ్మకి పాక బయటే పులుపు వాసన తగిలింది. ఏం చేశావని అడిగింది.

"జట్టు పోతాదని సేసేనే" అన్నాడు కొండన్న తలొంచుకుని.

అతన్ని తిట్టే వ్యవధి కూడా లేకుండా జట్టు దిగి అడ్డాకుల ముందు కూర్చుంది. నిజం చెప్పొద్దూ, కాసులమ్మ చెయ్యి గరిటె దాకా వెళ్లింది. వడ్డిస్తే జట్టు నిలుస్తుంది, అడిగేవాడెవడూ లేడు. కానీ మనసొప్పలేదు. కూర దించి పక్కన పెట్టేసింది.

"మామిడి పడ్డ ఈ కూర నాను వడ్డించను బాబూ. పొద్దుట కాసిన అంబలుంది, తాగితే తాగండి."

జట్టులో గొణుగుడు మొదలైంది. ఫణీంద్ర లేవబోయాడు. ఆ రోజే తొలిసారి జట్టుతో వచ్చిన అతని భార్య కన్యక చెయ్యి పట్టి ఆపి, మన కొట్లో కొత్త బెల్లం నూకాలమ్మ తల్లికి పెట్టకముందు కాటా ఎక్కుతుందా అని మెల్లగా అడిగింది. అతను కూర్చున్నాడు. ఉల్లిపాయ నంజుకుని అంబలి తాగాడు, ఇంకో గిన్నె పొయ్యమన్నాడు.

వెళ్లేటప్పుడు, కొత్త ఎప్పుడో చెబితే ఆ రోజే వచ్చి మామిడి కూర తింటామన్నాడు ఫణీంద్ర.

"ఆ దినం అమ్మకం నేదు బాబూ, సుట్టాలే తింతారు" అంది కాసులమ్మ. వాళ్ల ముఖాలు చిన్నబోవడం చూసి, "సుట్టాలుగా అయితే రండి. కానీ అందాకా మీరూ మామిడి ముట్టకూడదు" అంది.

ఇంట్లో మామిడికాయ పప్పు లేనిదే ముద్ద దిగని ఫణీంద్ర సంచీ వైపు చూశాడు. అతను నోరు తెరిచేలోపే కన్యక జవాబిచ్చింది.

"ముట్టుకోం అత్తా."

పొద్దుటిదాకా కన్యకకి కాసులమ్మ పేరైనా తెలీదు.