చెక్కల కింది పాట

ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళందరూ ఆ ఆదివారం లాంచీ ఎక్కారు. తీరం వెంట రాళ్ళ మీద ఉండే సీళ్ళనే నీటి జంతువులనూ, సముద్రపు పక్షులనూ చూపించి సాయంత్రానికల్లా ఒడ్డు చేర్చే లాంచీ అది. వచ్చినవాళ్ళలో వదినే పెద్దది. ఆడపడుచు కూడా అదే లాండ్రీలో పనిచేస్తూ "వదినా, వదినా" అని పిలవడంతో, మేనేజరుతో సహా అందరికీ ఆవిడ వదినే అయిపోయింది.

దుప్పట్లు పిండే యంత్రాల పక్కన ఏళ్ళ తరబడి నిలబడి వదినకు వినికిడి మందగించింది. పెదవుల కదలిక చూసి సగం, ఊహించి సగం నెట్టుకొచ్చేది. ఒకసారి సబ్బు ఇమ్మంటే డబ్బు లేదంది. లాండ్రీ అంతా పడీపడీ నవ్వింది. వదిన కూడా నవ్వింది. ఇంటికెళ్ళాక మాత్రం నవ్వలేకపోయింది.

సీళ్ళు కనిపించాయి. సుష్ఠుగా తిని నడుం వాల్చిన పెద్దమనుషుల్లా రాళ్ళ మీద పడి ఉన్నాయి. ఒకటి నోరంతా తెరిచి ఆవులించింది.

"అచ్చం మన మేనేజరే!" అంది ఆడపడుచు.

అందరూ పగలబడి నవ్వారు. ఎందుకో అడగడానికి మొహమాటపడి వదిన కూడా నవ్వేసింది.

రాళ్ళు దాటి లోపలికి వెళ్ళేసరికి అలలు పెరిగాయి. వదినకు కడుపులో తిప్పింది. బల్ల దిగి నేల మీద కూలబడి, అలాగే పక్కకు ఒరిగి, చెక్కలకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. అంతలో పక్షుల గుంపు కనబడి, అవి బెదరకుండా లాంచీ నడిపే సరంగు ఇంజను ఆపేశాడు.

అప్పుడు చెక్కల్లోంచి ఏదో వచ్చింది.

ముందు దవడ ఎముకకు తెలిసింది, సన్నని వణుకులా. ఆ వణుకే సాగి సాగి మూలుగైంది. పైకెక్కి, విరిగి, లోతుకు జారిపోయింది. ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఎవరో పాడుతున్నారు," అంది వదిన.

ఆడపడుచు ఆవిడ ముఖానికి ఎదురుగా వంగింది. "వాంతి వస్తోందా వదినా?"

"కాదే! కింద ఎవరో పాడుతున్నారు."

"అయ్యో, ఎండ తలకెక్కింది. నీళ్ళు తెండే!"

"ఎండా లేదు, కొండా లేదు. నోరు మూసుకుని చెవి పెట్టు," అని వదిన ఆమె చెయ్యి పట్టి లాగింది.

గొణుక్కుంటూనే ఆడపడుచు పక్కన పడుకుంది. మరుక్షణం గొణుగుడు ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసుకుని పక్కనున్న మనిషి కాలు పట్టి గుంజింది. ఒక్కొక్కరే వంగారు. చూస్తుండగానే లాండ్రీ మొత్తం, ఆరేసిన దుప్పట్లలా, నేల మీద పరుచుకుంది. ఇదేం వింతని వచ్చిన సరంగు తనూ మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాడు.

"తిమింగలం," అన్నాడు గుసగుసగా. "మన పక్కనే ఉందమ్మా."

పాట ఆగింది. కుడివైపు నీళ్ళు నునుపుగా ఉబ్బాయి. ఆ ఉబ్బును చీల్చుకుని నల్లటి వీపు లేచింది. ఇంక అయిపోతుంది అనుకున్నకొద్దీ ఇంకా వస్తూనే ఉంది. బుస్సుమని ఊపిరి వదిలితే ఆ తుంపర వాళ్ళ ముఖాల మీద పడింది, గోరువెచ్చగా, చేపల వాసనతో. చివరికి తోక లేచి, అంచుల వెంట నీళ్ళు కారుతుండగా ఒక్క క్షణం నిలిచి, చప్పుడు చెయ్యకుండా మునిగిపోయింది.

వదిన కమ్మీ పట్టుకుని నిలబడింది. ఇంత పెద్ద ప్రాణం తనున్న లోకంలోనే తిరుగుతోందా? అంత లోతు నుంచి పాడితే ఆ పాట తనదాకా వచ్చిందా? చెంపల మీద తడి తుంపరో, కన్నీరో ఆవిడకు తెలియలేదు.

ఆడపడుచు ఎదురుగా వచ్చి నిలబడింది.

"మళ్ళీ పాడుతుందంటావా వదినా?"

"ఏమో. చూద్దాం రా."

ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి పడుకున్నారు. మిగతావాళ్ళూ వాళ్ళ చుట్టూ చెక్కలకు చెవులు ఆనించారు. సరంగు ఇంజను వెయ్యలేదు, ఎవరూ వెయ్యమనలేదు. చాలాసేపు అలల తాకిడి తప్ప ఏమీ లేదు.

అప్పుడు వదిన మెల్లగా వేలెత్తింది. మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి, వాళ్ళకూ వినబడేదాకా ఆ వేలినే చూస్తూ ఉండిపోయారు.