తమ్ముడికి బదులు పుల్పిట్

చర్చి సంఘపెద్దకు దేవుడు చెప్పింది ఒక్కటే పని. తమ్ముడి దగ్గరికి వెళ్ళి తప్పు తనదని ఒప్పుకోవడం. ఆ సంగతి భార్యకు చెప్పిందీ సంఘపెద్దే, పొద్దుటి ప్రార్థన ముగించి లేస్తూ. చెప్పి, కాఫీ తాగి, తీరిగ్గా కొట్టుకు పోయాడు.

కొట్టంటే బల్లలూ బీరువాలూ చేసే వడ్రంగి కొట్టు. తమ్ముడూ అందులోనే పనిచేసేవాడు. ఒకనాడు డ్రిల్లింగ్ మిషను కనబడలేదు. ఆ ఆదివారం ఆరాధన ముగిశాక, గుమ్మం దగ్గర అందరూ వింటుండగా ఈ మహానుభావుడు తమ్ముణ్ణి దొంగ అన్నాడు. తమ్ముడు పెళ్ళాన్నీ కూతుర్నీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మిషను ప్లైవుడ్ షీట్ల వెనక దొరికింది. అక్కడ పెట్టి మరిచిపోయింది అన్నగారే.

"దొంగన్నది నలుగురిలో. కాదన్న మాటా నలుగురిలోనే అనండి," అంది భార్య.

"చెప్తే నా పెద్దరికం ఏం కావాలి?"

ఆ పెద్దరికం ఎంత గట్టిదో చూడండి, ఒక్క నిజానికి కూలిపోయేలా ఉంది.

ఇంతలో తమ్ముడు పెద్ద జబ్బు చేసి ఆస్పత్రిలో పడ్డాడు. అన్నగారికి బెంగ పట్టుకుంది, తమ్ముడి గురించి కాదు. దేవుడి మాట వినని వాళ్ళకు ఏమేం జరిగిందో ఆదివారం బడిలో పిల్లలకు కళ్ళు పెద్దవి చేసి చెప్పేది ఆయనే. తన కొట్టు తగలబడుతుందేమో, రంపం కింద వేళ్ళు పోతాయేమో అని గుబులు. దాంతో మంచి టేకు తెప్పించి, పాస్టరుగారు నిలబడి ప్రసంగించడానికి పుల్పిట్ చేశాడు. అంచు చుట్టూ ద్రాక్షగుత్తులు చెక్కాడు. ఆస్పత్రి కొట్టుకెళ్ళే దారిలోనే ఉంది, అయినా చెక్క మీది నునుపు చూసుకోవడానికే తీరిక చాలలేదు పాపం.

పుల్పిట్ ప్రతిష్ఠ రోజున పాస్టరుగారు ఒక రాజు కథ చెప్పారు. శత్రువుల మందలో ఒక్క జీవాన్నీ మిగల్చొద్దని దేవుడంటే, ఆ రాజు కొవ్విన గొర్రెల్ని దాచుకుని, బలివ్వడానికే అన్నాడట. దేవుడు గొర్రెలడగలేదు, మాట వినమన్నాడు, అన్నారు పాస్టరుగారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సంఘపెద్దే. కొందరంతే, ఎంత చెప్పినా ఎక్కదు అనుకుని ఆ రాజు మీద జాలి కూడా పడ్డాడు.

వారం తిరక్కుండా తమ్ముడు పోయాడు. చర్చిలో శవపెట్టె ముందర, తాను చేసిన పుల్పిట్ వెనక నిలబడ్డాడు అన్న. దొంగన్న మాట విన్నవాళ్ళంతా ఎదురుగానే ఉన్నారు. ఇప్పుడైనా నిజం చెప్తాడని భార్య ఎదురుచూసింది.

"మా తమ్ముడు చేసిన తప్పు నేనెప్పుడో క్షమించేశాను. మనసులో ఏమీ పెట్టుకోలేదు," అన్నాడాయన. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

ఎంత పెద్ద మనసు అనుకున్నారు జనం. మరదలు తల దించుకుంది. ఆమె కూతురు మాత్రం పెదనాన్ననే రెప్ప వేయకుండా చూసింది. భార్యకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

ఇంటికొచ్చి ఆయన కుర్చీలో హాయిగా వెనక్కి వాలాడు.

"పుల్పిట్ చేసిన దగ్గర్నుంచీ ప్రార్థనలో తమ్ముడి దగ్గరికి వెళ్ళమన్న మాట వినబడ్డం లేదే. దేవుడికి కోపం పోయినట్టుంది. కొట్టుకూ ఏం కాలేదు."

"కోపం పోలేదండీ. మీతో మాట్లాడ్డం మానేశాడు. ఇంతకంటే పెద్ద శిక్ష ఇంకేం కావాలి మీకు?"

ఆమె చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"ముందు తోడికోడలి దగ్గరికి. ఆదివారం చర్చిలో అందరికీ నిజం చెప్తాను."

"వెళ్ళొద్దు. భర్తగా చెప్తున్నా."

ఆమె గడప దాటేసింది. సంఘపెద్ద నిట్టూర్చి, మాట వినని భార్యకు బుద్ధి ప్రసాదించమని దేవుణ్ణి అడగడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.