ఆరింటి నుంచి ఏడింటి దాకా

సౌజన్య నాలుగు వందల మీటర్లు యాభై రెండు సెకన్లలో పరిగెత్తుతుంది. దేశం తరఫున రిలే జట్టులో రెండో అంచె ఆమెదే. దోహాలో పరిగెత్తింది, బ్యాంకాక్‌లో పరిగెత్తింది. అలాంటి పిల్ల ఆ మే నెలలో, శిక్షణ క్యాంపు నుంచి పది రోజుల సెలవు మీద ఇంటికొచ్చి, గడప దాటడానికి భయపడుతూ గడిపింది.

ఆ స్థాయి ఆటగాళ్ళు రోజూ ఒక గంట ఎక్కడుంటారో ముందే ఫోన్‌లో రాసి పంపాలి. డోపింగ్ పరీక్షవాళ్ళు ఆ గంటలో చెప్పకుండా వస్తారు. వచ్చేసరికి మనిషి లేకపోతే ఒక తప్పు. పన్నెండు నెలల్లో మూడు తప్పులైతే, ఏ మందూ ముట్టకపోయినా సరే, రెండేళ్ళు నిషేధం. సౌజన్యకి అప్పటికే రెండు పడ్డాయి. ఒకటి, క్యాంపులో గది మారినప్పుడు పాత నంబరు దిద్దడం మర్చిపోయినందుకు. రెండోది, రైలు నాలుగు గంటలు ఆలస్యమైనందుకు. మొదటి తప్పుకి ఏడాది నిండి అది లెక్కలోంచి పోవడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

విస్సన్నపేట రోడ్డులో కాలనీ ఇల్లు వాళ్ళది. పొద్దున్న ఆరింటి నుంచి ఏడింటి దాకా ఆ ఇంట్లో ఉంటానని రాసిచ్చింది. ఆ గంటసేపు స్నానానికి కూడా వెళ్ళేది కాదు. నీళ్ళ చప్పుడులో తలుపు కొట్టింది వినబడదేమోనని.

"పోలీస్ స్టేషన్లో రోజూ సంతకం పెట్టేవాళ్ళకీ నీకూ తేడా ఏంటే?" అనేది తల్లి రాజ్యలక్ష్మి.

"వాళ్ళు సంతకం పెట్టి వెళ్ళిపోతారమ్మా," అనేది సౌజన్య.

ఆ సీజన్‌తో పరుగు ఆపేద్దామని ఆమె మనసులో ఉంది. ఇరవై ఆరేళ్ళు. ఎడమ తొడ వెనక కండరం రెండుసార్లు చిరిగింది. ఆసియా పోటీలయ్యాక కోచ్‌కి చెప్పేసి, ఏ స్కూల్లోనో పిల్లలకి ఆటలు నేర్పుకుందామనుకుంది. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున్న ఆరూ పన్నెండుకి తమ్ముడు రాజేష్ బండి మీద వచ్చాడు. ఆ సీజన్లో అతనూ, తండ్రి వీరయ్యా కాయల వ్యాపారి ప్రభాకరరావు గారు గుత్తకి తీసుకున్న మామిడి తోటలో కాయ కోతకి వెళ్తున్నారు. రాజేష్ బండి దిగలేదు, ఇంజను ఆపలేదు.

"నాన్న పడిపోయాడు. రసాల చెట్టు మీంచి. కొమ్మ తడిగా ఉంది, కాలు జారింది. లేవట్లేదు. ఇద్దరూ ఎక్కండి."

రాజ్యలక్ష్మి పొయ్యి ఆర్పేసి వచ్చి ఎక్కింది. సౌజన్య చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఆగిపోయింది.

"తెలివిగానే ఉన్నాడా?"

"ఉన్నాడు. కాలు కదపట్లేదు. ఎక్కక్కా."

సౌజన్య ఫోన్ తీసి చిరునామా మార్చబోయింది. గంట మొదలయ్యాక అది మారదు. కోచ్ సత్యనారాయణమూర్తి గారికి ఫోన్ చేసి సంగతి చెప్పింది. 

"వెళ్ళమని నేను చెప్పలేనమ్మా. ఉండమనీ చెప్పలేను," అన్నారాయన.

"మీరు వెళ్ళండి. ఏడు దాటగానే వస్తాను," అంది సౌజన్య తల్లితో.

రాజ్యలక్ష్మి కూతురి మొహంలోకి చూసింది.  బండి వెళ్ళిపోయింది.

తోట రెండు కిలోమీటర్లు. సౌజన్యకి ఏడు నిమిషాల దూరం. ఆమె గడప మీద కూర్చుంది. ఎదురింటి విజయలక్ష్మి బిందెతో బయటికొచ్చి, "మీ నాన్న పడ్డాడంట కదా, నువ్వెళ్ళలేదా?" అని అడిగింది. సౌజన్య తల అడ్డంగా ఊపింది. ఆవిడ బిందె నిండేదాకా ఇటే చూస్తూ నిలబడింది. కుళాయి దగ్గరికి మరో ఇద్దరొచ్చారు. ముగ్గురూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

ఆరూ నలభైకి రాజేష్ ఫోన్ చేశాడు. నూజివీడు ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తున్నామన్నాడు. వెనక నుంచి తండ్రి మూలుగు వినబడింది. సౌజన్య లేచి రోడ్డు దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి ఇల్లు కనిపిస్తూనే ఉంది, అయినా వెనక్కొచ్చేసింది. ఎవరూ రారు, ఈ రోజూ ఎవరూ రారు అని ఆమెకి గట్టిగా అనిపించింది. రాని మనిషి కోసం కూర్చున్నందుకు జీవితమంతా ఏం చెప్పుకోవాలో తెలియలేదు.

ఆరూ యాభై రెండుకి తెల్ల కారు ఆగింది. నడివయసు మనిషి బ్యాగుతో దిగింది. మెడలో గుర్తింపు కార్డు.

"సౌజన్య గారేనా? నా పేరు దయామణి. శాంపిల్ కోసం వచ్చానండి."

సౌజన్య లేచి నిలబడింది. వెళ్ళి ఉంటే అంతా అయిపోయేది. ఆ మాట అనుకోగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

"మేడం, మా నాన్న చెట్టు మీంచి పడ్డారు. ఆసుపత్రిలో ఉన్నారు. తొందరగా ఇచ్చేసి వెళ్తాను."

తొందరగా కాలేదు. మూత్రం తొంభై మిల్లీలీటర్లు ఉండాలి. పొద్దుట్నుంచి ఆమె మంచినీళ్ళు కూడా తాగలేదు. రెండు చెంబులు తాగింది. రాలేదు. శాంపిల్ ఇచ్చేదాకా దయామణి ఆమెని కంటి ముందు నుంచి పోనివ్వకూడదు.

"మీతో నేనుంటే వెళ్ళొచ్చండి. కారులో వెళ్దాం, ఎక్కండి," అంది దయామణి.

ఆసుపత్రిలో వీరయ్య స్ట్రెచర్ మీద ఉన్నాడు. చేతుల మీద మామిడి సొన మరకలు ఇంకా ఆరలేదు. తుంటి ఎముక విరిగి ఉంటుందన్నారు. రాజ్యలక్ష్మి కూతుర్ని చూసి మొహం తిప్పుకుంది. సౌజన్య తండ్రి చెయ్యి పట్టుకుంది. రెండడుగుల దూరంలో దయామణి నిలబడింది.

"ఎవరమ్మా ఈవిడ?"

"టెస్ట్ చేసే మేడం, నాన్నా."

వీరయ్య అంత నొప్పిలోనూ ఆవిడకి దండం పెట్టబోయాడు. తర్వాత కూతురి వంక చూశాడు.

"ఆటో వచ్చేదాకా చెట్టు కిందే పడుకోబెట్టారు. దారి వంకే చూస్తున్నా. అందరికంటే ముందు నువ్వే పరిగెత్తుకొస్తావనుకున్నా."

 ఆయన మందలించలేదు, అనుకున్నది చెప్పాడంతే. ఎక్స్‌రేకి తోసుకుపోయారు.

అప్పుడు సౌజన్యకి మూత్రం వస్తున్నట్టయింది. ఆడవాళ్ళ వార్డు పక్కన మరుగుదొడ్డిలో, తలుపు తీసి ఉంచి, దయామణి చూస్తుండగా ఆమె శాంపిల్ ఇచ్చింది. ఏడుపు ఆపుకోవడానికి గోడ మీది పగులు చూస్తూ ఉంది. సీసాలకి సీలు పడ్డాక దయామణి కాగితం అందించింది.

"ఏమన్నా రాయాలనుకుంటే ఇక్కడ రాయొచ్చు."

"ఏమీ లేదండి."

దయామణి బ్యాగు సర్దుకుని కాస్త తటపటాయించింది. "అయిపోయింది కదా అని రేపు వదిలెయ్యకండి. వెంటనే మమ్మల్ని మళ్ళీ పంపుతారొక్కోసారి."

మర్నాటికి సౌజన్య చిరునామా మార్చింది. నూజివీడు ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు, పన్నెండో మంచం. మిగిలిన రోజులన్నీ ఆరింటికల్లా ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. టీ తేవడానికి కూడా లేవలేదు. కాలికి బరువు కట్టించుకుని వీరయ్యా కదలలేడు. ఇద్దరూ ఫ్యాను వంక చూస్తూ ఉండేవాళ్ళు. ఒకరోజు ఆయన, "నాకంటే కదలొద్దని డాక్టరు చెప్పాడు. నీకెవరు చెప్పారమ్మా?" అని అడిగాడు. ఆమె వివరంగా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

తొమ్మిది రోజులూ గడిచాయి. మళ్ళీ ఎవరూ రాలేదు. పరీక్షలో ఏమీ తేలలేదు. సౌజన్య క్యాంపుకి వెళ్ళింది, ఆసియా పోటీల్లో రెండో అంచె పరిగెత్తింది, జట్టుకి కాంస్యం వచ్చింది. ప్రభాకరరావు గారు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించారు. కుళాయి దగ్గర మాత్రం ఆమె ఇంకా కన్నతండ్రి పడితే రాని పిల్లే.

వీరయ్య మళ్ళీ చెట్టెక్కలేదు. చేతికర్రతో ఇంటి ముందు దాకా నడుస్తాడు. రాజేష్ కూలి ఒక్కటే చాలదు. పరుగు ఆపేస్తానన్న మాట సౌజన్య ఇంట్లో ఎత్తలేదు, కోచ్‌తోనూ అనలేదు. దీపావళికి ఇంటికొచ్చినప్పుడు తొడకి కట్టు కట్టుకుని, వచ్చే మూడు నెలల గంటలు ఫోన్‌లో నింపుతూ కూర్చుంది. తల్లి పక్కన కూర్చుని ఆ గళ్ళన్నీ చూసింది.

"ఎన్నాళ్ళే ఇది?"

"తెలీదమ్మా."

 మర్నాడు రాజ్యలక్ష్మిని తోటల్లో కలుపు పనికి తీసుకెళ్ళే ఆటో వచ్చి ఆరుంపావుకి హారన్ కొట్టింది. ఆవిడ బయటికొచ్చి, ఏడు దాటాక నడిచి వస్తానని చెప్పి పంపేసింది. తలుపు బార్లా తెరిచి, వీధి కనిపించేలా కూర్చుంది.

"నువ్వెళ్ళి స్నానం చెయ్యి. ఎవరన్నా వస్తే నేను పిలుస్తాగా," అంది.